పదకొండు నెలల ఊరు

ఆదివారం సాయంత్రం అయిందంటే మా ఇంట్లో మీటింగ్. రెండేళ్లుగా ఇదే వరస. అల్వాల్‌లో ఒకే సందులో అద్దెకుండి, పదిహేనేళ్లుగా ఒకరి పిల్లల్ని ఒకరు స్కూలుకి దింపుకున్న తొమ్మిది కుటుంబాలు కలిసి దేవరయాంజాల్‌లో కొంచెం జాగా తీసుకుని, ఒకే అపార్ట్‌మెంట్ కట్టుకుందామని అనుకున్నాయి. బిల్డర్ చేతికివ్వకుండా మనమే కట్టించుకుందాం, కింద అందరికీ కలిపి ఒక పెద్ద వంటగది, హాలు, పైన సోలార్, వాన నీళ్లకి ఇంకుడు గుంత, కారు ఇద్దరికొకటి చాలు... ఇలా. దేవరయాంజాల్ తెలియని వాళ్లకి: తూంకుంట దగ్గర, శామీర్‌పేట వైపు. సీతారామస్వామి గుడి ఉన్న ఊరు. ఆ గుడి భూముల తగాదా గురించి పేపర్లలో చదివే ఉంటారు. అందుకే మా వాళ్లు కాగితాల్ని ముగ్గురు లాయర్లకి చూపించి, మనది గుడి భూమి కాదు అని మూడుసార్లు చెప్పించుకున్నాకే అడ్వాన్స్ ఇచ్చారు.

ఇలాంటి దాన్ని బయట కో-హౌసింగ్ అంటారని నేనే గూగుల్ చేసి చెప్పాను. డెన్మార్క్‌లో 1972లోనే ఇలా కొన్ని కుటుంబాలు కలిసి కట్టుకున్న కాలనీ ఒకటుంది, సాటెడామెన్ అని. ఎవరి ఇల్లు వాళ్లదే, మధ్యలో అందరిదీ అయిన ఒక ఇల్లు. నేను పీపీటీ కూడా చేశాను. మా వాళ్లు బాగానే విన్నారు. కానీ గొడవ డిజైన్ దగ్గర రాలేదు. మెయింటెనెన్స్ దగ్గర వచ్చింది. చదరపు అడుగుకి ఇంత అనాలా, ఇంటికి ఇంత అనాలా? ఇద్దరే ఉండే ఇంటికీ ఆరుగురు ఉండే ఇంటికీ నీళ్ల ఖర్చు ఒకటేనా? ఎక్సెల్ షీట్ నా చేతిలో ఉంది కాబట్టి తిట్లు కూడా నాకే పడ్డాయి.

అప్పుడు మా అమ్మమ్మ, టీవీ సౌండ్ తగ్గించి మరీ, ఓ మాట వేసింది. పన్ను దగ్గర పేచీ వచ్చి ఊరు ఊరే ఖాళీ చేసి వెళ్లిపోయిన వాళ్ల మనవరాలిని నేను, మీరు ఈ కాస్త దానికే ఇలా అరుచుకుంటున్నారేంటి అంది. అమ్మమ్మది చీరాల పక్కన వేటపాలెం. వాళ్ల నాయనమ్మ కొత్త కోడలిగా చీరాలకి వచ్చిన ఏడాదే, ఇల్లు తాళం పెట్టి ఇసుకలో తాటాకు పాకలోకి కాపురం మార్చిందట. ఆ పాకల ఊరి పేరు రామనగర్. దాన్ని కట్టించినాయన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య.

ఆంధ్రరత్న అనే పేరు నేను వినే ఉన్నాను. విజయవాడ వెళ్లినప్పుడు కాంగ్రెస్ ఆఫీసు మీద ఆంధ్రరత్న భవన్ అని చూశాను కూడా. అది ఒక మనిషి బిరుదు అని మాత్రం తెలీదు. ఇంగ్లిష్ మీడియం చదువు పుణ్యం, దండి గురించి రెండు పేజీలు రాయగలను, చీరాల గురించి రెండు లైన్లు రావు. సెలవుల్లో అమ్మమ్మతో వేటపాలెం వెళ్లి, అక్కడి సారస్వత నికేతనంలో కూర్చున్నాను. 1918లో పుట్టిన లైబ్రరీ అది. పాత తెలుగు చదవడానికి నాకు పేజీకి పావుగంట పట్టింది. అలా పోగేసుకున్న కథ ఇది.

గోపాలకృష్ణయ్య గారు 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. పుట్టిన మూడో రోజే తల్లి సీతమ్మ పోయింది. తండ్రి కోదండరామస్వామి బడిపంతులు. మూడేళ్లు నిండేసరికి ఆయనా లేరు. నాయనమ్మ, బాబాయ్ పెంచారు. ఇది చదువుతున్నప్పుడు నాకొకటి అనిపించింది, తప్పో ఒప్పో. సొంత ఇల్లు అనేది బుద్ధి తెలియకముందే పోయినవాడికి, ఇల్లంటే నాలుగు గోడలు కాదు, చేరదీసిన మనుషులు అని వేరే ఎవరూ నేర్పక్కర్లేదేమో.

చదువులో ఈయన ఫస్ట్ ర్యాంకర్ కాదు. ఒకసారి తప్పారు కూడా. (బ్యాక్‌లాగ్స్ ఉన్న మిత్రులు గమనించగలరు.) పాటలు, పద్యాలు, నాటకాల మీద ధ్యాస ఎక్కువ. కొన్నాళ్లు బాపట్ల తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేశారు. తర్వాత స్నేహితుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి ఓడెక్కి స్కాట్లండ్ వెళ్లి, ఎడింబరో యూనివర్సిటీలో ఎం.ఏ. చదివారు. సబ్జెక్టు ఎకనామిక్స్. కానీ అక్కడుండగా చేసిన పని ఏంటంటే, కళల మీద గొప్ప పండితుడైన ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇంగ్లిష్‌లోకి తేవడం. 1917లో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ దాన్ని అచ్చువేసింది. టైటిల్ పేజీ మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి. డిగ్రీ ఒకటి, చేసే పని ఒకటి అన్నది మన బ్యాచ్‌తోనే మొదలవలేదన్నమాట.

తిరిగొచ్చాక రాజమండ్రిలో, తర్వాత బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. ఎక్కడా ఇమడలేదు. పైవాళ్లతో పడేది కాదు. చివరికి చీరాల చేరారు. అక్కడ ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి అని ఒకటి పెట్టారు. చదువూ, పాటా, జానపద కళలూ కలిపి నేర్చుకునే చోటు. రామదండు అని వాలంటీర్ల దళాన్ని కూడా తయారుచేశారు. కాషాయం రంగు బట్టలు, నుదుటన బొట్టు, రాముడి సేన అన్నమాట. 1921లో బెజవాడలో ఆలిండియా కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగినప్పుడు, వచ్చిపడిన జనాన్ని అదుపులో పెట్టింది ఈ దండే. మన కాలేజీ ఫెస్ట్‌లో గేటు దగ్గర రెండు వందల మందిని లైన్‌లో నిలబెట్టలేక నేనెంత చచ్చానో గుర్తొచ్చింది.

ఇక అసలు సంగతి. చీరాల, పేరాల పక్కపక్కన ఉన్న నేత ఊళ్లు. జనాభా అంతా కలిపి పదిహేను వేలు. ఎక్కువమంది మగ్గం మీద బతికేవాళ్లు. అప్పటిదాకా యూనియన్ పంచాయతీ ఉండేది, ఏడాదికి నాలుగు వేల రూపాయల పన్ను. 1919 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం రెండు ఊళ్లనీ కలిపి మునిసిపాలిటీ చేసింది. పన్ను నలభై వేలకి ఎగిరింది. పదింతలు. దానికి తగ్గట్టు నీళ్లు, దీపాలు, రోడ్లు వస్తాయా అంటే అదీ లేదు. జనం వద్దన్నారు. అర్జీలు పెట్టారు. మునిసిపల్ సభ్యులు రాజీనామా చేశారు. ప్రభుత్వం వినలేదు. అప్పుడు పన్ను కట్టడం మానేశారు. కొందరిని జైల్లో పెట్టారు. వాళ్లలో రావూరి అలివేలమ్మ అనే ఆవిడ కూడా ఉంది. పన్ను కట్టనందుకు ఒక ఆడమనిషి జైలుకెళ్లడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

బెజవాడ సమావేశం అవగానే, 1921 ఏప్రిల్ 6న గాంధీ గారు చీరాల వచ్చారు. ఏం చేయమంటారని అడిగితే ఆయన రెండు దారులు చెప్పారు. ఒకటి, పన్ను కట్టకుండా శాంతంగా శిక్షలు అనుభవించడం. రెండోది, మునిసిపాలిటీ హద్దు దాటి బయటికి వెళ్లిపోవడం. హద్దులో ఇల్లే లేకపోతే పన్ను ఎవరి మీద వేస్తారు? కానీ ఏది ఎంచుకున్నా అది మీ బాధ్యతే, కాంగ్రెస్ డబ్బు మీద ఆశ పెట్టుకోవద్దు అని కూడా చెప్పి వెళ్లారు. గోపాలకృష్ణయ్య గారు రెండో దారి పట్టారు.

నా బుర్ర ఇక్కడ ఆగిపోయింది. పదమూడు వేల మంది పైచిలుకు. నెలా నెలన్నరలో. ఎండాకాలంలో. మా తొమ్మిది కుటుంబాలకి లిఫ్ట్ ఎక్కడ పెట్టాలో తేలడానికి నాలుగు నెలలు పట్టింది!

ఊరి హద్దు అవతల ఖాళీ నేలలో తాటాకు పాకలు వేశారు. ఆ ఊరి పేరే రామనగర్. ఇప్పుడు మనం సస్టెయినబుల్ అని పెద్ద పేరు పెట్టి చెప్పుకునేదంతా అక్కడ లేక చేసిందే. సముద్రం పక్క ఊళ్లలో తాటిచెట్టు ఎక్కడ చూసినా ఉంటుంది. ఆకు కప్పుకి, మొద్దు దూలానికి. సిమెంటు లేదు, లారీ లేదు, పని అయ్యాక మిగిలే చెత్తా లేదు. పాక కూలినా మట్టిలో కలిసేదే. ఒక పక్క నుంచి గాలి వస్తే ఇంకో పక్క నుంచి పోతుంది. కాకపోతే నిప్పంటుకుంటే వరసకి వరస పోతుంది. వానొస్తే కారుతుంది. అమ్మమ్మ వాళ్ల నాయనమ్మకి మాత్రం గుర్తున్నది వేరే. రాత్రి పొద్దుపోయేదాకా ఇసుక వేడి చాపలోంచి వీపుకి తగిలేదట. ఏ పుస్తకంలోనూ లేని విషయం ఇది. నాకు మిగతా అన్నిటికంటే ఇదే గట్టిగా నాటుకుంది.

నేతగాళ్ల సంగతి ఆలోచించండి. గుంట మగ్గం అంటే నేలలో గొయ్యి తీసి, అందులో కాళ్లు పెట్టి కూర్చుని నేసేది. ల్యాప్‌టాప్ కాదు కదా బ్యాగ్‌లో వేసుకుని పోవడానికి. ఇల్లు మారడం అంటే వాళ్లకి ఆఫీసూ, మెషీనూ, జీతం అన్నీ ఒకేసారి పీకి మళ్లీ పాతుకోవడం. పన్ను రూపాయి మిగలొచ్చు, ఆ మధ్యలో పోయిన కూలి ఎవరిస్తారు? మన డిజైన్ థింకింగ్ క్లాసులో యూజర్ పర్సోనా అని ఓ కాగితం నింపమంటారు. దాంట్లో ఈ గొయ్యి ఏ కాలమ్‌లో పడుతుందో నాకిప్పటికీ తెలీదు.

కానీ రామనగర్ ఉత్త పాకల గుంపు కాదు. అన్ని కులాల నుంచీ మనుషుల్ని ఎన్నుకుని ఊరి సభ పెట్టుకున్నారు. తగువులు తీర్చడానికి సొంత పంచాయతీ ఉండేది. గవర్నమెంటు కోర్టు మెట్లు ఎక్కాల్సిన పని లేకుండా. రామదండు కాపలా కాసేది. భజనలు జరిగేవి. ఆయన పాడేవారు, ఆశువుగా పద్యాలు చెప్పి నవ్వించేవారు. ఆయన చాటువులు గుంటూరు వైపు పెద్దవాళ్లకి ఇప్పటికీ నోటికొచ్చు. పదమూడు వేల మందికి ఆకలి, ఉక్కపోత, దోమలు ఉన్నచోట ఒక మనిషి నవ్వించగలగడం కూడా ఓ సదుపాయమే, నీళ్ల ట్యాంకులాగా. వెటకారానికి అనట్లేదు.

చిక్కల్లా అక్కడే ఉంది. అన్నీ ఆయనే. పాట ఆయనదే, పంచాయతీలో ఆఖరి మాట ఆయనదే, బయట డబ్బు పోగుచేసేదీ ఆయనే. ఆ డబ్బు కోసమే ఊళ్లు తిరుగుతూ 1921లోనే గంజాం జిల్లా బరంపురం వెళ్లారు. అక్కడ మాట్లాడకూడదని ప్రభుత్వం నిషేధం పెట్టింది. ఆయన మాట్లాడారు. ఏడాది జైలు. తిరుచిరాపల్లి తీసుకెళ్లారు. రామనగర్ ఆయన లేకుండా ఇంకొంతకాలం నిలబడింది. ఫిబ్రవరి 1922లో చౌరీచౌరా తర్వాత గాంధీ గారు దేశమంతటా సహాయ నిరాకరణ ఆపేశారు. బయట గాలి పడిపోయింది. లోపల డబ్బు లేదు, పని సరిగా లేదు, నాయకుడు జైల్లో. పదకొండు నెలలకి జనం మూటలు సర్దుకుని పాత ఇళ్ల తాళాలు తీసుకున్నారు. మునిసిపాలిటీ అక్కడే ఉంది.

ఈ భాగాన్ని చాలామంది ఒక్క ముక్కలో దాటేస్తారు. త్యాగం, స్ఫూర్తి, అయిపోయింది. నాకైతే కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీకుండా. ఊరు వదిలి ఎలా వెళ్లాలో అంత బాగా ఆలోచించిన మనిషి, తను లేకపోతే ఎవరు అన్నది ఎందుకు ఆలోచించలేదు? సర్వర్ ఒక్కటే ఉంటే అది పడిపోయిన రోజు అంతా పడిపోతుందని మనకి సెకండియర్‌లోనే చెప్తారు. మళ్లీ నాకే అనిపించింది, ముప్పై రెండేళ్ల వయసు ఆయనకి అప్పుడు. ఇప్పటి లెక్కలో టీమ్ లీడ్ వయసు. పదమూడు వేల మంది. ఎవరైనా ఏం చేస్తారు? పైగా ఆయన బరంపురం వెళ్లిందే వాళ్ల తిండి కోసం.

ఇంకో మాట. ఓడిపోయారు అనడానికి కూడా నాకు మనసు రావట్లేదు. పదకొండు నెలలు అంటే రెండు సెమిస్టర్లు. అన్నాళ్లు అన్ని కులాల వాళ్లూ ఒక సభలో కూర్చుని, పోలీసు లేకుండా, తమ తగువులు తామే తీర్చుకున్న ఊరు అది. 1921లో. మా సందులో తొమ్మిది ఇళ్లవాళ్లు ఒక బోరు మోటర్ స్విచ్ ఎవరు వేయాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

జైలు నుంచి వచ్చాక ఆయన ఇంకో రామనగర్ కట్టలేదు. కాంగ్రెస్‌లో పెద్ద పదవే వచ్చింది, ఆలిండియా కాంగ్రెస్ కమిటీ కార్యదర్శి. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగిన రోజులవి. సాధన అనే పత్రిక నడిపారు. స్వరాజ్య పార్టీ వైపు మొగ్గారు. గోష్ఠి పనులు మళ్లీ ఎత్తుకున్నారు. కానీ చేతిలో డబ్బు నిలిచే మనిషి కాదు. ఉన్నదంతా ఉద్యమానికే పోయింది. భార్య దుర్గాభవాని గారు ఆ ఇంటిని ఎలా నెట్టుకొచ్చారో రాసినవాళ్లు నాకు కనబడలేదు. రాయాల్సింది అదే అనిపిస్తుంది. తర్వాత క్షయ పట్టుకుంది. అప్పటికి దానికి మందు లేదు. గాలి, వెలుతురు, మంచి తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. తిండికే కటకట. 1928 జూన్ 10న పోయారు. ముప్పై తొమ్మిది నిండి ఎనిమిది రోజులు.

వేటపాలెం నుంచి వచ్చాక వచ్చిన ఆదివారం మీటింగ్‌లో ఇదంతా చెప్పాను. పీపీటీ లేకుండా. మా వాళ్లు మెయింటెనెన్స్ సంగతి వదిలేసి కాసేపు చీరాల గురించే మాట్లాడుకున్నారు. నేను రెండు విషయాలు షీట్‌లో పెట్టమన్నాను. ఒకటి, మధ్యలో ఎవరైనా వెళ్లిపోవాలనుకుంటే వాళ్ల వాటా ఎలా లెక్కకట్టాలి, ఎన్నాళ్లలో ఇవ్వాలి. ఇది అపశకునం అన్నారు ఇద్దరు. కానీ నాన్న రాయించారు. తాళాలు తీసుకుని వెనక్కి వెళ్లే దారి ఉన్నవాడే ధైర్యంగా ముందుకొస్తాడు అనేది ఆయన లెక్క. నాకది ఇంకా పూర్తిగా నచ్చలేదు. రామనగర్ వాళ్లకి పాత ఇళ్లు అలాగే ఉండబట్టే తిరిగి వెళ్లారేమో అని ఓ పక్క అనుమానం. దీని మీద నాకూ నాన్నకీ ఇంకా నడుస్తోంది.

రెండోది చెప్పడం కష్టమైంది. మా ప్రాజెక్టు మొత్తం ఒకాయన మీద నడుస్తోంది. నేను బాబాయ్ అని పిలుస్తాను. చుట్టం కాదు, అయినా బాబాయే. జాగా చూసింది ఆయనే, బ్యాంకు ఆయనే, లాయర్లు, ఆర్కిటెక్టు, కరెంటు ఆఫీసు అన్నీ ఆయనే. ఆయన నవ్విస్తే మీటింగ్ చల్లబడుతుంది. కాగితాలు ఇంకో ఇద్దరి దగ్గర కూడా ఉండాలి, బ్యాంకులో ఇంకో సంతకం కావాలి అన్నాను. ఎంత మెత్తగా చెప్పినా అది నమ్మకం లేదన్నట్టే వినబడింది. ఆయన ఏమీ అనలేదు, టీ తాగేసి వెళ్లిపోయారు. తర్వాత రెండు ఆదివారాలు రాలేదు. అమ్మ నాతో సరిగా మాట్లాడలేదు. పెద్దవాళ్ల మధ్య పెట్టి వచ్చావు అంది. ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు తీసి, మళ్లీ పెట్టేశాను.

మూడో ఆదివారం ఆయన వచ్చారు, చేతిలో రిలయన్స్ ఫ్రెష్ కవర్‌తో. లోపల ఫైలు. అది నాకు ఇవ్వలేదు, నాన్నకీ ఇవ్వలేదు. మూలన కూర్చుని ఎప్పుడూ మాట్లాడని మూడో ఇంటి ఆంటీ ఒళ్లో పెట్టి, బ్యాంకు పనికి రేపు నాతో రండమ్మా అన్నారు. ఆవిడ భయపడిపోయింది. అమ్మమ్మ టీవీ కట్టేసి లేచి వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది.

ఫైల్లో నలభై మూడు కాగితాలున్నాయి. ముప్పై ఒకటి స్కాన్ చేశాను. మిగతావి ఈ వారం, ల్యాబ్ ఇంటర్నల్స్ అయ్యాక.